రెండో తాళంచెవి

2022 వేసవి. హిందూపురంలో నా కొట్టుకు అప్పటికి పదకొండేళ్లు. బోర్డు మీద సర్జికల్స్ అని రాసి ఉంటుంది గానీ ముందు గదిలోని బీపీ మిషన్లు, నడుము బెల్టులు పేరుకే. నా అసలు పని వెనక గదిలో జరుగుతుంది. చక్రాల కుర్చీలు, వాకర్లు, బ్యాటరీతో నడిచే మొబిలిటీ స్కూటర్లు అమ్ముతాను, చెడిపోతే బాగుచేస్తాను. అంతకు ముందు ఆటోలకు బ్యాటరీలు కట్టేవాణ్ణి. ఎవరో చక్రాల కుర్చీ మోటారు ఒకసారి చూడమంటే చూసి, మెల్లగా ఈ పక్కకు ఒరిగిపోయాను.

మొబిలిటీ స్కూటర్ అనగానే, మామూలు స్కూటరుకు పక్కన రెండు చక్రాలు తగిలించింది అనుకుంటారు చాలామంది. అది వేరు. ఇది కుర్చీకి దగ్గరి చుట్టం. అడుగున పలక, పలక మీద తిరిగే సీటు, ముందు టిల్లర్ ఉంటాయి. టిల్లర్ అంటే పట్టుకుని తిప్పే నిలువు హ్యాండిల్. దానికి బొటనవేళ్లతో నొక్కే రెండు లివర్లు ఉంటాయి. కుడిది నొక్కితే ముందుకు, ఎడమది నొక్కితే వెనక్కి. వేలు తీసేస్తే బండి తనంతట తానే ఆగిపోతుంది. మనిషి నడిచినంత వేగంతో పోతుంది, లైసెన్సుతో పని లేదు.

కొనడానికి వచ్చినవాళ్లను నేను బరువు అడగను, ఎత్తు అడగను. మొదట అడిగేది ఒకటే. యాడికి పోవల్ల? నా నోటుబుక్కులో కూడా మొదటి గీత మీద అదే రాసి ఉంటుంది. చాలామంది దిక్కులు చూస్తారు. "యాడికి పోతాంలేప్పా, ఇంట్లోనే," అంటారు. అట్లాంటివాళ్లకు మామూలు చక్రాల కుర్చీ చాలు, ఈ బండి దండగ అని నేనే చెప్పి పంపేస్తాను. నేను వ్యాపారం చేసే తీరు చూసి మా ఆవిడ తల కొట్టుకుంటుంది.

ఆ మే నెలలో ఒక మధ్యాహ్నం కొట్టు ముందు ఆటో ఆగింది. నలభై ఏళ్లు దాటిన మనిషి ఒకాయన దిగి, లోపల కూర్చున్న ఒకామెను రెండు చేతులమీదా ఎత్తుకుని మెట్లు ఎక్కి వచ్చాడు. కుర్చీలో దించగానే ఆమె ముందు చీర సర్దుకుంది. తర్వాత నా ముఖంలోకి సూటిగా చూసింది.

"ఏమప్పా, మనిషిని ఇట్ల ఎవురూ ఎత్తాల్సిన పని లేని బండి ఏదన్నా ఉండాదా నీ కాడ?"

ఆమె పేరు చౌడమ్మ. ధర్మవరం. యాభై మూడేళ్లు. ఎత్తుకొచ్చినాయన ఆమె తమ్ముడు నాగభూషణ, మగ్గం నేస్తాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె కుడికాలు సన్నబడింది. పెళ్లి చేసుకోలేదు. మోకాలి మీద చెయ్యి ఆనించుకుని వంగి వంగి నడుస్తూ నలభై ఏళ్లకు పైగా నెట్టుకొచ్చింది. ఇప్పుడు ఇన్నాళ్లూ బరువు మోసిన ఎడమకాలు కూడా చేతులెత్తేసింది.

నా మొదటి ప్రశ్న అడిగాను. నోటుబుక్కు తెరిచి పెన్ను పట్టుకునేలోగానే ఆమె మొదలుపెట్టింది.

"రాసుకో. మా పక్క సందులో గోపాలు వాళ్లిల్లు. ఆడినుంచి ఎదురుగా ఈరమ్మ వాళ్లది. మలుపులో మూడిండ్లు. దిగువన ఓబులేసు ఇల్లు..." ఆపకుండా పదకొండు ఇళ్లు చెప్పింది.

ఆ ఇళ్లలో ఆమె పని వార్పు అతకడం. మగ్గం మీద నిలువు పోగుల వార్పు అయిపోతే, కొత్త వార్పును ఊరికే ఎక్కించడానికి లేదు. పాత పోగుల కొసలు మగ్గంలోనే వదిలిపెట్టి, వాటికి కొత్త పోగులను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోవాలి. వేళ్లకు బూడిద అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు కొసలనూ పెట్టి ఒక్క మెలి తిప్పితే అతుక్కుపోతాయి. అట్లా కొన్ని వేల పోగులు. ఒక్కటి వదిలినా చీర నిలువునా గీత పడుతుంది. అతికే మనిషి వచ్చేదాకా మగ్గం మూగగా పడి ఉంటుంది. ఆ పేటలో పదకొండు ఇళ్లవాళ్లు చౌడమ్మ వేళ్ల కోసం ఎదురుచూసేవాళ్లు. కాళ్లు బాగున్నన్నాళ్లూ తానే పోయేది. పూర్తిగా పడిపోయాక ఆ ఇళ్లవాళ్లు వచ్చి ఎత్తుకుపోతున్నారు.

"మూటను ఎత్తినట్ల ఎత్తుతారప్పా. మర్యాదగానే ఎత్తుతార్లే. అయినా మూట మూటే కదా," అంది. తమ్ముడు గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

కొంగు ముడి విప్పి ఆమె ఒక పసుప్పచ్చ పట్టుదారం ఉండ తీసింది. దాని నిండా ముడులు. ఒక్కో ఇంటివాళ్లను తమ సందు ఇరుకైన చోట అడ్డంగా ఆ దారం పట్టుకోమని చెప్పి, కొలత దగ్గర ముడి వేయించుకుందట. అన్ని కొలతలూ ఒకే కొస నుంచి. "ఈ ముడి గోపాలు సందు, ఇది ఈరమ్మది," అంటూ వేలితో తడిమి చెప్పింది. నేను టేపు పెట్టి చూశాను. అన్నింటికంటే దగ్గరి ముడి రెండున్నర అడుగులకు కాస్త తక్కువ వచ్చింది. ఇంత ఇదిగా కొలత తెచ్చిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. డాక్టరు చీటీలతో వచ్చేవాళ్లకు కూడా తమ వాకిలి ఎంత వెడల్పో తెలియదు.

నాగభూషణకు కొట్టులోని పెద్ద బండి నచ్చింది. ముందు లైటు, వెనక డబ్బా, మెత్తటి సీటు, చూడ్డానికి దర్జాగా ఉంటుంది.

"అక్కా, ఇది తీసుకుంటే చూసేదానికి కారు మాదిరి ఉంటాది," అన్నాడు.

"నాకు చూసేదానికి కాదురా, పోయేదానికి," అంది.

మూడు చక్రాల బండి ఇరుకులో చక్కగా తిరుగుతుంది గానీ వాలులో పక్కకు ఒరిగే గుణం ఉంది. వాళ్ల సందు కాలువ మోరీ వైపు దిగుతుందని ఆమే చెప్పింది. అందుకే నాలుగు చక్రాల చిన్న బండి చూపించాను. వెడల్పు ఇరవై ఒక్క అంగుళాలు. మలుపులో ఒకసారి వెనక్కి తీసుకుంటే తిరుగుతుంది. నేల మీదికి దిగి మగ్గం పక్కన కూర్చోవాలి కాబట్టి సీటు ఎత్తు తగ్గించాను, చేతిపట్టీలు పైకి లేచేట్టు మార్చాను. ఆమె తన సొంత దుడ్లతోనే కొనుక్కుంది. ఇంతవరకూ నేను చేసిన పనిలో ఇప్పటికీ నాకు ఏ లోపమూ కనబడదు.

లోపం ధర్మవరంలో మొదలైంది.

పది రోజుల తర్వాత బండిని గూడ్సు ఆటోలో ఎక్కించుకుని పెనుకొండ మీదుగా వాళ్లింటికి పోయాను. కొత్త బండి వస్తే మా వైపు పూజ చేయకుండా కదిలించరు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, టిల్లర్‌కు పూలదండ, పసుపు కుంకుమ, కర్పూరం. నాగభూషణ టెంకాయ కొట్టాడు. చౌడమ్మ సీటులో కూర్చుని ఉంది. ముఖం కడుక్కుని, మడత నలగని చీర కట్టుకుంది. అప్పుడు పళ్లెంలో పెట్టిన తాళంచెవిని కళ్లకద్దుకుని ఇవ్వడం నా వంతు. ఆటో అమ్మినా, ట్రాక్టరు అమ్మినా ఇంటి పెద్ద మగమనిషి చేతికే ఇస్తారు. నేనూ అదే చేశాను. బండి మీద కూర్చున్న మనిషిని దాటుకుని, పక్కన నిలబడ్డ నాగభూషణ చేతిలో పెట్టాను.

చౌడమ్మ కుడిచెయ్యి సగం దాకా లేచింది. అది చూశాను. ఆ చెయ్యి కొంగు సర్దుకుని మళ్లీ ఒళ్లోకి పోయింది. అదీ చూశాను. చూసి, కర్పూరం హారతి కళ్లకద్దుకున్నాను.

కంపెనీవాళ్లు బండికి రెండు తాళంచెవులు ఇస్తారు. రెండోది నేను కొట్టులోనే ఉంచుకుంటాను. కొన్నవాళ్లు ఆరు నెలలు తిరక్కుండా మొదటిది పోగొడతారు, కొత్తది తెప్పించాలంటే వారాలు పడుతుంది. ఏది ఎవరిదో తెలియడానికి పేరు రాసిన చీటీ కడతాను. చౌడమ్మ తాళంచెవికి చీటీ కట్టలేదు. ఆమె నా బల్ల మీద మరిచిపోయిన ముడుల దారాన్నే చుట్టి సొరుగులో వేశాను.

రెండు రోజులు అక్కడే ఉండి నేర్పించాను. మొదటి గంటలో రెండుసార్లు అరుగును గుద్దింది. మూడోసారి నుంచి తప్పు లేదు. కొత్తవాళ్లు లివర్‌ను కాలింగ్ బెల్లు నొక్కినట్టు నొక్కుతారు, బండి దూకుతుంది. ఆమె బొటనవేలు మాత్రం పట్టుపోగు మీద ఆనినట్టు ఆనేది. బండి నీళ్ల మీద పోయినట్టు కదిలేది. ఈ పనిలో అంత మెత్తటి వేలు నేను చూడలేదు.

అన్నీ చెప్పాను. వాడినా వాడకపోయినా రోజూ ఛార్జింగ్ పెట్టమన్నాను. వెనక మోటారు పక్కనున్న ఎర్ర లివర్ కూడా చూపించాను. దాన్ని ఫ్రీవీల్ అంటాం. అది పైకెత్తితే మోటారుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. దారిలో ఛార్జి అయిపోయినా, తాళంచెవి పోయినా, అది ఎత్తి బండిని తోసుకుంటూ ఇంటికి తెచ్చుకోవచ్చు.

"అయితే ఒక మాటక్కా. ఇది ఎత్తినప్పుడు బ్రేకు ఉండదు. ఖాళీ బండిని తోసేదానికే ఇది. మనిషి కూర్చోనుండంగా ఎత్తగూడదు. వాలులో అసలే గూడదు."

"తాళం లేకపోయినా కదులుతాదన్నమాట," అంది చౌడమ్మ.

"కదులుతాది. ఆపేదానికి మాత్రం వీలుగాదు."

ఒక నెలకు ఫోన్ చేసింది. గొంతులో నవ్వు. "మంజునాథా, ఈ పొద్దు రెండిండ్లకు పోయొస్తి. ఈరమ్మ నన్ను చూసి, ఏందక్కా, పెండ్లికూతురు మాదిరి వస్తాండావు అని ఒకటే నగు." ఆ రోజు మా ఆవిడకు కూడా ఈ సంగతి చెప్పి గొప్పలు పోయాను.

మళ్లీ ఆమె గొంతు విన్నది డిసెంబరులో. నేను పెనుకొండలో ఒక ఇంట్లో చక్రాల కుర్చీ బాగుచేస్తున్నాను. చేతులకు గ్రీజు. ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను.

"మంజునాథా, నేను ధర్మవరం చౌడమ్మను. ఆ బండికి ఇంగొక తాళం ఉండాదా?"

"పోయిందా అక్కా?"

"పోలేదు. మా నాగడి మొలతాడుకు ఉండాది."

విషయం చెప్పింది. కార్తీకంలో కాలువ మీది బండరాయి ఒకటి కదిలి, ముందు చక్రం దిగబడి, ఆమె పక్కకు జారింది. మోచేయి గీరుకుంది, అంతే. కానీ నాగభూషణ ఆ సాయంత్రమే తాళంచెవి తీసి మొలతాడుకు కట్టుకున్నాడు. తాను వెంట వచ్చేటప్పుడే ఇస్తానన్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మనిషికి వెంట వచ్చే తీరిక ఎప్పుడుంటుంది? పిలిచినప్పుడు పోలేకపోయేసరికి ఒక్కో ఇల్లూ పై వీధి నుంచి వేరే మనిషిని పిలుచుకోవడం మొదలుపెట్టింది.

"వాళ్లను అనేదేముండాది, మగ్గం ఆపుకోని ఎన్ని దినాలు కూర్చుంటారు? ఇంగొకటి ఉంటే బస్సులో ఎవురి చేతికన్నా ఇచ్చి పంపప్పా. నిదానంగానే తోల్తా."

"చూసి చెప్తానక్కా," అన్నాను.

నేను చేయాల్సిందల్లా ఆ సాయంత్రం కొట్టుకు పోయి, సొరుగు తెరిచి, ఆ దారం చుట్టిన తాళంచెవిని కవరులో పెట్టి బస్సు ఎక్కించడం. బండి ఆమెది. డబ్బు ఆమెది. అడిగింది ఆమె. నేను మాత్రం గ్రీజు చేతులు తుడుచుకుని నాగభూషణకు ఫోన్ చేశాను. ఇంటి మగవాణ్ణి అడక్కుండా ఆ ఇంటి ఆడమనిషికి తాళం పంపడం పద్ధతి కాదనిపించింది. అప్పుడు దాన్ని నేను మర్యాద అనుకున్నాను.

"మీ అక్క ఇంగో తాళం అడుగుతాండాది. పంపమంటావా?"

అవతల మగ్గం శబ్దం ఆగింది. "వద్దప్పా. ఆయమ్మ పడిందంటే చూసేదెవురు? మా అమ్మ పొయ్యేటప్పుడు నా చేతిలో పెట్టిపోయింది ఆయమ్మను. కాళ్లు లేని అక్కను పనికి తోలి తింటాండాడని ఊర్లో నన్నే కదా అనేది. కొన్నాళ్లు పోనీ." అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకీ కథ చెప్పడం సులువయ్యేది.

తర్వాత చౌడమ్మకు ఫోన్ చేశాను. "కంపెనీవాళ్లు ఒకటే ఇస్తారక్కా. ఇంగోటి తెప్పించాలంటే శానా రోజులు పడతాది," అన్నాను.

"సరేలే నాయనా," అని పెట్టేసింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడం చూసి, సర్దుకుపోయి ఉంటార్లే అనుకున్నాను.

ఉగాది దాటాక నాగభూషణ ఫోన్ వచ్చింది. "వచ్చి ఈ బండిని తీసకపోప్పా. ఎంతకన్నా అమ్మేయ్. మా ఇంట్లో మాత్రం ఉండగూడదు." ఎందుకని అడిగితే పొడిపొడిగా చెప్పాడు. మాఘమాసంలో అక్క బండి మీదనుంచి పడిందట. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగిందట, బొటనవేలు నలిగిందట. కట్టు విప్పి పదిరోజులైందట.

బండి అమ్మాలంటే రెండు తాళంచెవులూ కావాలి కాబట్టి, సొరుగులోది జేబులో వేసుకుని మర్నాడే పోయాను. బండి వసారాలో గోనెసంచి కప్పుకుని ఉంది. టిల్లర్ వంగింది, కుడిపక్క పెయింటు గీరుకుపోయింది. బ్యాటరీకి మీటరు పెడితే ముల్లు కదల్లేదు. ఇలాంటి బ్యాటరీల్లో వాడకం ఎక్కువై చచ్చేవాటి కంటే, ఛార్జింగ్ లేకుండా ఊరికే పడి ఉండి చచ్చేవే ఎక్కువ. దీనికి నెలల తరబడి ఎవరూ వైరు తగిలించలేదు. తాళం తియ్యనివ్వని బండికి ఛార్జింగ్ ఎవరు పెడతారు?

"తాళం నా కాడనే ఉండాది ఆ పొద్దంతా," అన్నాడు నాగభూషణ. "మేము కనగానపల్లిలో కొత్తింటి చేరికకు పోయింటిమి. తాళం లేని బండి ఎట్ల కదిలిందో నాకు ఇప్పటికీ తెలీదప్పా."

నేను వంగి బండి వెనక చెయ్యి పెట్టాను. ఎర్ర లివర్ పైకెత్తి ఉంది.

ఆ వసారాలో ఆ లివర్ అర్థం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అక్కడే, నేల మీద కూర్చుండిపోయాను. తాళం లేకుండా ఆ బండి కదలాలంటే ఒక్కటే దారి. ఆ దారి ఆమెకు చూపించింది నేను. రెండో దారి నా సొరుగులో ఉండింది.

నాగభూషణకు అంతా చెప్పాను. లివర్ సంగతీ, సొరుగు సంగతీ. అతను వంగి ఆ ఎర్ర లివర్‌ను తాకి చూశాడు. తర్వాత చొక్కా ఎత్తి, మొలతాడు నుంచి తాళంచెవి విప్పడానికి ప్రయత్నించాడు. ముడి బిగుసుకుపోయి రాలేదు. పళ్లతో తెంపడానికి అందదు. చివరికి నా టూల్‌బాక్సులోని కటింగ్ ప్లేయరు తీసుకుని తాడునే తెంపేశాడు.

"తాళం ఇచ్చింటే సరిపోయేది," అన్నాడు. అతని గురించి అన్నాడో, నా గురించి అన్నాడో గానీ ఇద్దరికీ సరిపోయింది.

చౌడమ్మ లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సన్నబడింది. కుడిచెయ్యి ఒళ్లో బోర్లా పెట్టుకుంది. ఏం జరిగిందో ఆమే చెప్పింది. పదకొండు ఇళ్లలో పది ఇళ్లు వేరే మనిషికి అలవాటు పడ్డాయి. ఆమే కావాలని పట్టుబట్టింది దిగువన ఓబులేసు ఒక్కడే. మూడు దినాలుగా అతని మగ్గం ఆగి ఉంది. ఆ పొద్దు వస్తానని మాట ఇచ్చింది. రాకపోతే ఆ ఇల్లూ పోతుందని ఆమెకు తెలుసు. ఇంట్లో ఎవరూ లేరు. గడప పట్టుకుని బండి ఎక్కింది. వెనక్కి వాలి ఎర్ర లివర్ ఎత్తింది. ఓబులేసు ఇల్లు వాలులోనే కదా, చేత్తో గోడలు పట్టుకుంటూ దిగిపోవచ్చనుకుంది.

"సగం దాకా బాగానే పోయింది మంజునాథా. గోడ అయిపోయినాక ఇంగ పట్టుకునేదానికి ఏమీ లేకపాయ."

మోరీ దగ్గర బండి తిరగబడింది. పడేటప్పుడు నేలకు ఆనించింది కుడిచేతినే.

"అక్కా, ఆ పొద్దు నేను నీకు అబద్ధం చెప్పినా. రెండో తాళం నా కాడనే ఉండె."

"తెల్సు," అంది. "నువ్వు ఫోన్ చేసినావని నాగడు ఆ రాత్రే నన్ను అరిసె. ఉన్నింటేనే కదా నువ్వు వాణ్ణి పంపమంటావా అని అడిగింటావు."

"మళ్లా ఏమిటికి అడగలేదక్కా?"

"అడిగితే నువ్వు ఇంగో అబద్ధం చెప్పాల్సి వస్తాది కదప్పా. నాకు తాళమూ రాదు, నీకు ముఖమూ చెల్లదు. ఏమిటికి?"

ఆ మాటలో కోపం లేదు. నన్ను కాపాడినట్టే అంది. తిట్టినా ఇంత బాధపడేవాణ్ణి కాదు. నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు.

జేబులోంచి ఆ తాళంచెవి తీశాను. పసుప్పచ్చ దారం ఇంకా చుట్టే ఉంది. ఈసారి ఆమె చేతిలోనే పెట్టాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని గాలిలో తిప్పబోయింది. జారి ఒళ్లో పడింది. మళ్లీ తీసుకుంది. మళ్లీ పడింది. తాళం తిప్పే వాటమూ పోగు మెలిపెట్టే వాటమూ దాదాపు ఒకటే. ఎముకలు అతుక్కున్నాయి గానీ ఆ రెండు వేళ్ల మధ్య పట్టు తిరిగి రాలేదు. బొటనవేలి కొసలో స్పర్శ లేదని డాక్టరు చెప్పాడట. మూడోసారి ఆమె ప్రయత్నించలేదు. నేనూ తీసివ్వలేదు.

బండిని అమ్మలేదు. హిందూపురానికి తెచ్చి కొత్త బ్యాటరీలు వేశాను, టిల్లర్ సరిచేశాను. లివర్ల వైర్లు అటూ ఇటూ మార్చి, ఎడమ బొటనవేలితో ముందుకు పోయేట్టు చేశాను. తాళంచెవికి ఒక చెక్కపిడి తగిలించాను, అరచేత్తో పట్టుకుని తిప్పుకోవచ్చు. కూర్చున్న మనిషి చెయ్యి వేయడానికి లేకుండా ఎర్ర లివర్ చుట్టూ ఇనుప పట్టీ కట్టాను. ఇవన్నీ మొదట్లోనే చేసి ఉండాల్సిన పనులు కావు, అప్పుడు అవసరమే లేదు. మొదట్లో చేయాల్సింది ఒక్కటే, తాళంచెవిని ఇంకో రెండడుగులు పక్కకు జరిపి ఇవ్వడం.

కొన్నవాళ్లకు బండి నేర్పడమే నా పని అనుకునేవాణ్ణి. ఇప్పుడు బండి ఇచ్చేటప్పుడు రెండు తాళంచెవులూ, కూర్చున్న మనిషి చేతిలోనే పెడతాను. పూజ ఎవరు చేసినా సరే. పక్కన నిలబడ్డవాళ్లు చెయ్యి చాచుతారు. అన్నలు, కొడుకులు, మొగుళ్లు. ఆ చేతులు నాకు కనబడనట్టు ఉంటాను. చిలమత్తూరు ఆయన ఒకరు ఇది అవమానమని బండి వద్దని వెళ్లిపోయాడు. పోనిమ్మన్నాను. బండి మీద కూర్చున్న మనిషి ఫోన్ చేసి ఏదన్నా అడిగితే, ఆ మనిషికే జవాబు చెబుతాను. ఇంట్లో ఇంకెవరికీ ఫోన్ చెయ్యను. ఒక మనిషి చేతిపని పోయాక నేర్చుకున్న పాఠం ఇది. ముందే తెలిసి ఉండాల్సింది.

బండి తిరిగి ఇవ్వడానికి పోయిన రోజు టెంకాయ లేదు, నిమ్మకాయలు లేవు. నాగభూషణ దూరంగా మగ్గం గుంతలోనే కూర్చున్నాడు. అతని మగ్గానికి కొత్త వార్పు అతుకుతున్నారు. పై వీధి నుంచి వచ్చిన మనిషి బూడిద అద్దుకుని పోగులు కలుపుతోంది. చౌడమ్మ చూపు అటు పోలేదు. సీటులో కూర్చుంది. చెక్కపిడిని అరచేత్తో తిప్పింది. టిల్లర్ మీది దీపం వెలిగింది. ఎడమవేలు ఆనించి వాకిట్లో కొంతదూరం పోయి ఆగింది. ఆ వేలు కూడా మెత్తగానే ఆనింది.

కొత్త బ్యాటరీ వేస్తే, రోజూ పోయే దూరం దాని కాగితంలో రాయాల్సి ఉంటుంది. అలవాటు కొద్దీ నోటుబుక్కు తెరిచి, పెన్ను పట్టుకుని అడిగేశాను. "ఇప్పుడు యాడికి పోవల్లక్కా?"

చౌడమ్మ సందు చివరిదాకా చూసింది. గోపాలు ఇంటి మగ్గం ఆడుతోంది, ఈరమ్మ ఇంటి మగ్గం ఆడుతోంది, దిగువన ఓబులేసుదీ ఆడుతోంది. ఒక్క మగ్గం కూడా ఆగిలేదు.

"చెప్తాలేప్పా," అంది.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. ఆర్నెల్లకొకసారి పోయి బ్యాటరీ చూసి వస్తున్నాను. నోటుబుక్కులో ఆ గీత ఇంకా ఖాళీగానే ఉంది.